మనిషి పట్టని సందు

ఏమయ్యా, ఆ వెనక గోడకి జారబడ్డ కాలేజీ కుర్రాడా! నిన్నే. ఆ ఆవలింత పూర్తి చేసి ఇటు చూడు, తొందరేం లేదు. నీ పక్కన మిల్లు చొక్కా వేసుకున్న పెద్దమనిషీ, మీరు నవ్వకండి. "నాకు టోపీ పెట్టేవాడు ఇంకా పుట్టలేదు" అని మీ ముఖం మీద పెద్దక్షరాలతో రాసుంది. టోపీ పెట్టేవాళ్ళు ముందు వెతికేది అలాంటి ముఖాన్నే. సరే, చేతులెత్తండి. జీతం లేకుండా పరాయివాడి కొంప కడిగి, కప్పు నేసి, దీపాలు పెట్టి, తాళంచెవి వాడి చేతికే ఇచ్చి దండం పెట్టిన వాళ్ళు మీలో ఎంతమంది? ఒక్కరూ లేరా? అబ్బో, మహా తెలివైన సభ! అయితే ఇరవై మూడు రోజుల పాటు అదే పని చేసిన నలభై ఒక్క మంది సంగతి చెప్తాను. కడుపారా నవ్వండి. ఎవర్ని చూసి నవ్వామన్నది ఆఖర్న తేల్చుకుందాం.

పట్నం అంచున, పెద్ద రోడ్డు పక్కన, ఒక దుకాణం ఉండేది. దుకాణం అంటే మన వీధి చివర కొట్టు కాదు. లోపల రెండు రైళ్ళు పక్కపక్కన పెట్టి తలుపేసుకోవచ్చు. కిటికీ అన్నది లేదు. జనం దాన్ని పెట్టె అనేవాళ్ళు. సబ్బుబిళ్ళ నుంచి బీరువా దాకా అందులో దొరికేది. ఒక పొద్దున యూనిఫాం వేసుకుని డ్యూటీకి వచ్చిన వాళ్ళకి తలుపుకి గొలుసు, గొలుసు పక్కన చీటీ కనిపించాయి. నష్టాలట, మూసేశారట. చొక్కా గుండీలు ఊడదీసుకుంటూ అక్కడే కూలబడిన వాళ్ళు కూలబడ్డారు, ఇంటికెళ్ళి ఏం చెప్పాలో తెలియక సాయంత్రం దాకా ఆ నీడలోనే నిలబడ్డ వాళ్ళు నిలబడ్డారు.

అలా నిలబడ్డ వాళ్ళలో నిచ్చెన ఒకతె. అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, పదహారేళ్ళు చక్రాల నిచ్చెన మీద నిలబడి అరలు సర్దిన మనిషిని ఇంకేమని పిలుస్తారు? కొన్నాళ్ళకి పెట్టె ముందున్న పార్కింగు స్థలంలోనే ఒక కుట్టుమిషను పెట్టుకుని స్కూలు సంచులకి జిప్పులు వేయడం మొదలుపెట్టింది. ఆమె పక్కన తాళాలాయన, ఆయన పక్కన చెప్పుల పెద్దమ్మ, ఆవిడకి ఎదురుగా సైకిళ్ళకి గాలి కొట్టే పంచరు. పంచరు గాలి కొడితే ట్యూబు పగిలేది, కోపం వస్తే మాట పగిలేది. అలా ఒకరి వెనక ఒకరు చేరి ఆరేళ్ళలో నలభై ఒక్క మంది అయ్యారు. సగం మంది పెట్టెలో పనిచేసిన వాళ్ళే. ఎండకి గొడుగు, వానకి పట్టా, అంతే.

ఒక పొద్దున నగరపాలక కార్యాలయం లారీ వచ్చి ఆగింది. మనుషులు దిగారు. చెప్పుల పెద్దమ్మ ముందున్న ఇనుప దిమ్మని ఎత్తి లారీలో విసిరారు. ఆ దిమ్మ ఆవిడ అత్తగారిది. ఇద్దరు నిచ్చెన మిషనుకి చెరోవైపు చెయ్యి వేశారు. సూది కింద ఎవరి పిల్లదో సంచి ఇరుక్కునే ఉంది.

"ఆగండయ్యా, ఆ సంచి తియ్యనివ్వండి!" అంది నిచ్చెన.

"మిషనుతో పాటు వస్తుందిలే," అన్నాడొకడు.

పంచరు గాలిపంపు తీసుకుని లేచాడు. పంపు గాల్లో ఉండగా వెనక నుంచి ఒక గొంతు వినిపించింది.

"దింపరా పంచరూ! లారీవాళ్ళూ, మీరూ దింపండి!"

వచ్చింది నిచ్చెన బావ. సొంత అక్క మొగుడు. పెట్టెలో క్యాషియరు, యూనియన్‌కి సెక్రటరీ. పదిహేడేళ్ళ పిల్లగా ఆమెని ఆ నిచ్చెన ఎక్కించింది ఆయనే. దుకాణం మూతపడ్డప్పుడు పదకొండు రోజులు అన్నం మాని కార్మిక శాఖ గుమ్మంలో పడుకున్నదీ ఆయనే. చేతిలో ఒక కాగితం జెండాలా ఊపుతూ వచ్చాడు.

"నగర పాలకమండలి తీర్మానం! వినండి! ఆరేళ్ళుగా మూతపడి పాడుబడిన కట్టడం కాబట్టి, కంపెనీ దగ్గర్నుంచి నగరం స్వాధీనం చేసుకుంటుంది. చేసుకుని, ఈ స్థలంలో పనిచేసుకుంటున్న వాళ్ళకే లోపల బజారు కట్టిస్తుంది! ఇంక ఎవడ్రా ఇక్కడ సామాను ఎత్తేది?"

లారీ మేస్త్రి కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, మిషను దింపించాడు. దిమ్మ కూడా దింపాడు. జనం బావని భుజాల మీదకెత్తారు.

"ఏం మరదలా, అందరూ నన్నెక్కిస్తున్నారు, నువ్వు కింద నిలబడ్డావేం? నిచ్చెన ఎక్కడ పారేశావ్?" అన్నాడు పైనుంచి.

"నీ పొట్ట మీద చెయ్యి తియ్యి బావా, పడతావ్! పడితే మా అక్క నన్ను బతకనివ్వదు."

అందరూ నవ్వారు. నిచ్చెన మాత్రం నవ్వుతూనే పెట్టె వైపు చూసింది. లోపల, కప్పు కింద, ఆరడుగుల చోటు. ఎవడి లారీ వచ్చినా ఎత్తుకుపోలేని చోటు. ఆమెకి కావాల్సింది అంతే. అంతకుమించి ఆమె ఎప్పుడూ ఏదీ అడగలేదు.

వారం తిరక్కుండా బావ పక్క తలుపు తాళంచెవితో మళ్ళీ వచ్చాడు.

"తనిఖీకి వస్తున్నారు. ఆఫీసర్లు, ఫొటోలవాళ్ళు, అందరూ. లోపల పావురాల రెట్ట మోకాలి లోతు ఉంది. కప్పు చిల్లులు. షట్టరు లేవదు. ఇలా చూస్తే 'వీళ్ళకా బజారు' అని ముక్కు మూసుకుని పోతారు. మనమేంటో చూపిద్దామా వద్దా?"

ఇదిగో, కుర్రాడా, ఇక్కడే నీ ఆవలింత ఆపి విను. ఇది పెట్టెలో పనిచేసిన వాళ్ళు మాత్రమే చేయగల తప్పు. పదహారేళ్ళ పాటు వాళ్ళు విన్న మాట ఒక్కటే: పెద్దసారు వస్తున్నాడు. ఆ మాట చెవిన పడితే చాలు, కాళ్ళకి చక్రాలు వచ్చేవి. నేల తుడవాలి, దీపాలన్నీ వెలగాలి, అరలో వెనక డబ్బాలు లేకపోయినా ముందు వరుస నిండుగా కనబడాలి. ఎందుకని అడిగే అలవాటు లేదు. వస్తున్నాడంటే తుడిచెయ్యడమే. దుకాణం పోయి ఆరేళ్ళయినా ఆ అలవాటు ఒంట్లోంచి పోలేదు.

చెప్పుల పెద్దమ్మ పెట్టెలో ఎన్నడూ పనిచెయ్యలేదు. అందుకే ఆవిడొక్కతే అడిగింది.

"బాగుచేస్తే మనకే ఇస్తామని కాగితం ఏమన్నా రాశారా నాయనా?"

"నా మీద నమ్మకం లేదా పెద్దమ్మా? పదకొండు రోజులు పడుకున్నానే, అప్పుడు కాగితం అడిగావా?"

నలభై మంది ఆవిడ వైపు కోపంగా చూశారు. అందరికన్నా కోపంగా చూసింది నిచ్చెన.

ఇరవై మూడు రోజులు. సొంత పనులు సగం పొద్దు, పెట్టె పని మిగతా సగం. తాళాలాయన షట్టరు స్ప్రింగులు రెండూ విప్పి, తన దగ్గరున్న కొత్తవి వేశాడు. పంచరు కప్పు ఎక్కి చిల్లు చిల్లుకీ రేకుముక్క పెట్టి బోల్టు బిగించాడు. కింద నుంచి పెద్దమ్మ, "ఒరేయ్, ట్యూబు అనుకుని గాలి కొట్టేవు, పెట్టె లేచిపోతుంది!" అని అరిచేది. నిచ్చెన తన పాత నిచ్చెనని ఓ మూల తుప్పు కింద వెతికి పట్టుకుని, చక్రాలకి నూనె రాసి, ఎక్కి, ఒక్కో దీపం తగిలించింది. నిచ్చెన అక్క, అంటే బావ పెళ్ళాం, ఆడవాళ్ళందరినీ తీసుకొచ్చి నేల కడిగించింది. రెట్టా దుమ్మూ బస్తాలకెత్తి వెనక దొడ్లో గుట్ట పోశారు. ఆ గుట్ట మీద నిలబడితే రైల్వే స్టేషను కనబడేది.

తనిఖీ రోజు షట్టరు వెన్నలా లేచింది. లోపల బల్ల మీద అట్టతో చేసిన చిన్న బజారు, అట్ట మనుషులు, అట్ట చెట్లు. ప్లానింగ్ ఆఫీసరు చాలా మర్యాదస్తురాలు. అందరికీ పచ్చ చుక్కల కాగితాలు పంచిపెట్టింది.

"మీకు ఏది కావాలో ఆ బొమ్మ కింద మీ చుక్క అంటించండి. ఇది మీ నిర్ణయం."

పార్కు, ఆసుపత్రి, బజారు, మూడు బొమ్మలు. బజారు బొమ్మ కింద నలభై ఒక్క చుక్కలు పడ్డాయి. తాళాలాయన తన చుక్క అంటించి, ఊడిపోతుందేమోనని బొటనవేలితో చాలాసేపు నొక్కి పట్టుకున్నాడు. "చాలు మావా, బల్ల విరుగుద్ది," అంది నిచ్చెన.

ఫొటోలు బోలెడు తీశారు. మనుషులకన్నా కప్పుకే ఎక్కువ తీశారు. అప్పుడెవరూ అది పట్టించుకోలేదు.

రెండు వారాలకి లోపలికి ఎవరూ వెళ్ళకూడదని గేటుకి తాడు కట్టి కాపలావాణ్ణి నిలబెట్టారు. బజారు పని మొదలైంది కాబోలనుకున్నారు. నిచ్చెనకి మనసు ఆగలేదు. తన చోటు ఎక్కడ వస్తుందో చూసుకోవాలని పక్క తలుపులోంచి దూరింది. నేల మీద పొడుగునా పసుపురంగు గీతలు కొట్టి ఉన్నాయి. ఒకడు మోకాళ్ళ మీద కూర్చుని ఇంకా కొడుతున్నాడు.

అరలు సర్దేవాళ్ళకి ఒక కొలత ఉంది. టేపు అక్కర్లేదు. రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, మోచేతులు బయటికి చాచి, వరుసల మధ్య సందులో నడుస్తారు. మోచేతులు ఎటూ తగలకపోతే సంచి పట్టుకున్న మనిషి ఆ సందులో తిరగగలడు. నిచ్చెన చేతులు నడుం మీద పెట్టుకుని రెండు గీతల మధ్య నడిచింది. రెండు మోచేతులూ గీతలు దాటాయి. చేతులు దించి నడిచింది. భుజాలు దాటాయి. పక్కకి తిరిగి, పీతలా నడిస్తే పట్టింది.

"తమ్ముడూ, కొలత తప్పేశావు. ఈ సందులో మనిషి పట్టడు."

"మనుషులెందుకక్కా ఇక్కడ?" అన్నాడతను కుంచె ఎత్తకుండానే. "చక్రాల మిషన్లు తిరుగుతాయి. పొట్లాలు పంపే గోడౌను. ఫోన్లో నొక్కితే ఇంటికొస్తాయి చూడు, అవి."

ఆమె అక్కడే, రెండు గీతల మధ్య, పక్కకి తిరిగే నిలబడిపోయింది.

ఆ మధ్యాహ్నమే నలభై ఒక్క మందీ నగరపాలక కార్యాలయం వరండాలో ఉన్నారు. ఆఫీసరు అప్పుడూ మర్యాదగానే మాట్లాడింది.

"తీర్మానం పాడుబడిన కట్టడానికమ్మా. తనిఖీలో కట్టడం భేషుగ్గా ఉందని తేలింది. కప్పు కారడం లేదు, దీపాలు వెలుగుతున్నాయి, షట్టరు లేస్తోంది. ఇలాంటి దాన్ని నగరం తీసుకోడానికి రూల్సు ఒప్పుకోవు. తీర్మానం దానంతటదే పోయింది. కంపెనీ వాళ్ళ ఆస్తి, ఎవరికిచ్చుకుంటారో వాళ్ళిష్టం."

"భేషుగ్గా చేసింది మేము!" పంచరు గొంతు వరండా అంతా మోగింది. "మేం చేశాం కాబట్టి మాది కాకుండా పోయిందా?"

"మిమ్మల్నెవరు చెయ్యమన్నారు? మేం అడిగామా? ఏదన్నా కాగితం ఉందా?"

కాగితం అన్న మాటకి అందరూ పెద్దమ్మ వైపు చూశారు. ఈసారి కోపంగా కాదు. ఆవిడ తల దించుకుంది, తప్పు తనదే అయినట్టు.

లోపలి గది తలుపు తెరుచుకుని బావ బయటికొచ్చాడు. చేతిలో కొత్త తాళాల గుత్తి. అక్కడ వీళ్ళుంటారని అనుకోలేదు. ఒక్క క్షణం గుత్తిని వెనక్కి దాచబోయి, మానేశాడు.

"మరదలా, నేనే చెబ్దామనుకుంటున్నా. గోడౌనుకి కాపలాకి, లోడింగుకి మనుషులు కావాలి. ఆ సప్లై కాంట్రాక్టు కంపెనీ వాళ్ళు నాకిచ్చారు. అందరికన్నా ముందు నీ పేరే రాశా."

"బాగుచేస్తే తీర్మానం పోతుందని నీకు ముందే తెలుసా?"

"ఇక్కడొద్దు, ఇంటికి పద..."

"తెలుసా బావా?"

బావ ముఖం మారింది. "తెలుసు! అయితే ఏంటి? పదకొండు రోజులు కడుపు మాడ్చుకున్నా, ఏమొచ్చింది? పొట్టలో పుండొచ్చింది. నగరం బజారు కట్టిస్తుందని నిజంగా నమ్మావా? అట్ట బొమ్మే తల్లీ అది! అందరం మునిగే బదులు నేను ఒడ్డునుంటే, మీలో పదిమందికన్నా చెయ్యందిస్తాను. ఇందులో ద్రోహం ఏముంది?"

"ఇరవై మూడు రోజులు మమ్మల్ని నిచ్చెన ఎక్కించి కింద నుంచి లాగేశావు," అంది నిచ్చెన. ఆమె ఏడవలేదు. "మా నాన్న పోయినప్పుడు కూడా ఇంత ఒంటరిగా అనిపించలేదు బావా. అప్పుడు నువ్వున్నావు."

బావ గుత్తి జేబులో వేసుకుని మెట్లు దిగిపోయాడు. ఆయన ఎక్కిన భుజాల మధ్య నుంచే దిగాడు. ఎవరూ ఆయన్ని ముట్టుకోలేదు.

సాయంత్రం పార్కింగు స్థలంలో మీటింగు. మీటింగంటే ఏమిటి, అరుపులు.

"తగలబెట్టేద్దాం!" అన్నాడు పంచరు.

"తగలబెడితే రేపు పొద్దున పేపర్లో మనం రౌడీలం, వాళ్ళు బాధితులు," అన్నాడు తాళాలాయన. "కోర్టుకెళ్దాం."

"ఏం పట్టుకుని వెళ్తావ్? నీ పచ్చ చుక్కా?"

"నా మాట వినకపోతే నీ పంపు నీ నోట్లో పెట్టి కొడతా!"

పెద్దమ్మ ఇనుప దిమ్మ మీద సుత్తితో టంగుమని కొట్టింది. గోల ఆగింది.

"నేను చదువుకోలేదు. ఒక్కటడుగుతా చెప్పండి. ఎవరన్నా చెప్పు కుట్టించుకుని, నాది కాదు పో అంటే నేనేం చేస్తాను? చెప్పు చింపను. నా దారం నేను లాక్కుంటాను. చెప్పు ఎలా వచ్చిందో అలా ఇస్తాను. వాళ్ళడగలేదట, కాగితం లేదట. మంచిదే. మనం పెట్టింది మనం తెచ్చుకుందాం. ఒక్క మేకు ఎక్కువ తియ్యొద్దు. ఒక్క అద్దం పగలకూడదు."

తర్వాత నిచ్చెన లేచింది.

"ఎవరెవరు ఏం పెట్టారో చెప్పండి. గోడౌను వాళ్ళకి అప్పగించేది ఎల్లుండి పదకొండింటికి. మనం తొమ్మిదింటికి వెళ్దాం. పట్టపగలు. దొంగల్లా కాదు, పనికి వెళ్ళినట్టు."

అలాగే వెళ్ళారు. తాడు విప్పి, మడిచి, కాపలావాడి చేతికిచ్చారు. పంచరు కప్పెక్కి రేకుముక్కలు ఒక్కొక్కటే విప్పాడు. తాళాలాయన షట్టరు స్ప్రింగులు ఊడదీసి, విరిగిన పాతవి మళ్ళీ జాగ్రత్తగా అమర్చాడు. "ఎక్కడివక్కడ ఉండాలి," అన్నాడు, డాక్టరు కుట్లు వేసినట్టు. నిచ్చెన తన నిచ్చెన ఎక్కి, తగిలించిన దీపాలన్నీ తీసింది.

నిచ్చెన అక్క వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆమెని చూసి అందరూ ఆగిపోయారు. మొగుడి తరఫున వచ్చిందేమోనని అనుమానం.

"నేను కడిగిన నేల ఎలా తీసుకెళ్ళాలే?" అని అడిగింది చెల్లెల్ని.

పెద్దమ్మ వెనక దొడ్డి వైపు గడ్డం ఎత్తి చూపింది. ఆరేళ్ళ రెట్టా దుమ్మూ గుట్టగా అక్కడే ఉంది. అక్క కొంగు బిగించింది. తట్ట తర్వాత తట్ట, ఆడవాళ్ళంతా వరసగా నిలబడి, కంపెనీ చెత్త కంపెనీకి చేర్చారు. మూలలు కూడా వదలకుండా సమంగా పరిచారు. పసుపు గీతలు కనబడకుండా పోయాయి.

పదకొండింటికి కార్లు వచ్చాయి. షట్టరు లేవలేదు. పక్క తలుపులోంచి దూరిన కంపెనీ మనిషి తుమ్ముతూ బయటికొచ్చాడు. ఇంకో అరగంటకి పోలీసు వ్యాను వచ్చింది. నిచ్చెన, పెద్దమ్మ, తాళాలాయన, పంచరు, ఇంకో ఏడుగురు వ్యాను ఎక్కారు. మిగతా ముప్పై మంది ఎక్కబోతే చోటు లేదని తోసేశారు.

స్టేషన్లో గోడ పొడుగునా ఒక బెంచీ. దాని మీద పదకొండు మందినీ ఇరికించి కూర్చోబెట్టారు. ఇన్‌స్పెక్టరు కాగితం తీశాడు.

"దొంగతనం. ఏమేం పోయాయో జాబితా చెప్పండి," అన్నాడు కంపెనీ మనిషితో.

"జాబితా అంటే... అవి మేం కొన్నవి కావు."

"మరి ఎవరివి?"

"మావి!" అన్నారు బెంచీ మీద నుంచి అందరూ.

ఇన్‌స్పెక్టరు తల గోక్కున్నాడు. ఇంతలో బయట సైకిలు బెల్లులు వినిపించాయి. మిగిలిన ముప్పై మందీ వచ్చారు, వాళ్ళ వెనక పక్క రోడ్డు మీద తట్టా బుట్టా పెట్టుకునే వాళ్ళు, వాళ్ళ వెనక బస్‌స్టాండు హమాలీలు. అందరూ స్టేషను మెట్ల మీద వరసలో నిలబడ్డారు. ముందున్న నిచ్చెన అక్క అరచేయి తెరిచి ఒక బోల్టు బల్ల మీద పెట్టింది.

"ఇది నేను తీశాను. రాసుకోండి."

వెనకాయన ఇంకో బోల్టు పెట్టాడు. "ఇది నేను."

"నువ్వు హమాలీవి కదరా, నువ్వక్కడ లేవుగా!" అన్నాడు కానిస్టేబులు.

"లేకపోతే ఏం సార్? రేపు మా బస్‌స్టాండు కూడా బాగుచేసుకోమంటారు. అడ్వాన్సుగా రాసుకోండి."

వరస గేటు దాటి రోడ్డెక్కింది. ఒక్కో బోల్టు, ఒక్కో మేకు, ఒక్కో పేరు. ఇన్‌స్పెక్టరు కాగితాల కట్ట అయిపోయింది. అటు పెట్టె దగ్గర ప్లానింగ్ ఆఫీసరు ముక్కుకి రుమాలు కట్టుకుని రెండో తనిఖీ రాయాల్సి వచ్చింది: కప్పుకి చిల్లులు, షట్టరు చెడింది, నేల మీద పావురాల రెట్ట. పాడుబడిన కట్టడం. చచ్చిన తీర్మానం లేచి కూర్చుంది. నిలబడుతుందో లేదో ఇంకా కోర్టులో కొట్లాడుతున్నారు. ఆ కొట్లాటకి వెళ్ళేవాళ్ళకి బస్సు మీ మిల్లు గేటు ముందునుంచే ఉంది.

"ఎవరో ఒకరి మీద కేసు రాయాలి కదయ్యా!" అన్నాడు ఇటు స్టేషన్లో ఇన్‌స్పెక్టరు విసుగ్గా.

కంపెనీ మనిషి సంచిలోంచి ఒక కాగితం తీశాడు. "అప్పగించేదాకా కట్టడంలో ఏది పోయినా పూర్తి బాధ్యత నాదే అని రాసిచ్చిన మనిషి ఉన్నాడు. కాంట్రాక్టు కాగితం నాలుగో పేజీలో. ఇంకో సంగతి, ఆయన సప్లై చెయ్యాల్సిన మనుషుల అవసరం కూడా మాకు లేదు. అన్నీ మిషన్లే. ఆ ముక్క ఐదో పేజీలో ఉంది."

అరగంటలో బావని తీసుకొచ్చారు. జేబులో తాళాల గుత్తి తీసి బల్ల మీద పెట్టమన్నారు. పెట్టాడు. వరస ముందు నిలబడ్డ పెళ్ళాం వైపు చూశాడు. ఆమె గోడ మీద గడియారం చూసింది. కానిస్టేబులు బెంచీ చూపించి, పోయి కూర్చోమన్నాడు.

బావ బెంచీ దగ్గరికొచ్చాడు. ఎవరూ కదల్లేదు.

"కొంచెం జరుగు మరదలా," అన్నాడు చిన్నగా. "నన్నూ మోసం చేశారే. మీకు లాగానే."

నిచ్చెన తలెత్తి చూసింది.

"మాకు లాగా కాదు బావా. మేం మోసపోయినప్పుడు నలభై ఒక్క మందిమి ఉన్నాం. నువ్వొక్కడివే ఉన్నావు. ఇక్కడ చోటు లేదు, నిలబడు."